అమ్మ ఏడుపు మీద హక్కు

నాయిన చనిపోయిన రోజు అమ్మ ఏడ్చిన ఏడుపులో పదకొండు నిమిషాలు నా దగ్గర ఉన్నాయి. ఆ పదకొండు నిమిషాలు మావి కావని ఒక కంపెనీ చెప్పింది. కొంతకాలం దాకా ఆ మాటే చెల్లింది. ఆ గొడవ గురించే ఇది రాస్తున్నాను.

మా వైపు ఆడవాళ్లు శవం దగ్గర మాటలతో ఏడుస్తారు. పోయిన మనిషిని వరుసతో పిలిచి, బతికినన్నాళ్లు అతను ఏం చేశాడో, ఏం చెయ్యకుండా వెళ్లిపోయాడో అతనికే చెబుతారు. మెచ్చుకుంటారు, తప్పు పడతారు, పాత తగాదాలు పైకి తీస్తారు. దానికి ఒక రాగం ఉంటుంది గాని దాన్ని ఎవరూ పాట అనరు. ఒకామె గురించి "మంచిగ ఏడుస్తది" అన్నారంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఏడుస్తుందని అర్థం. అమ్మ మంచిగా ఏడ్చేది.

మాది రామన్నపేట దగ్గర ఒక నేత ఊరు. నాయిన చివరిదాకా గుంట మగ్గం మీద చీరలు నేశాడు. అమ్మ కండెలు చుట్టేది, రంగు అద్దకానికి ముందు పోగులకు రబ్బరు ముక్కలతో చిటికి కట్టేది. తమ్ముడు భివండిలో పవర్‌లూమ్ పనికి పోయాడు. నేను దేవరకొండలో ప్రభుత్వ గ్రంథాలయంలో పని చేస్తాను, అక్కడే ఒక గది కిరాయికి తీసుకుని ఉంటాను.

నాయిన లాక్‌డౌన్‌లో పోయాడు. జ్వరం, దగ్గు. దవాఖానకు పోతే మళ్లీ ఇంటికి రానివ్వరని, శవాన్ని కూడా ఇవ్వరని విన్నాడు. ఎంత చెప్పినా మంచం దిగలేదు. నేను పోలీసుల దగ్గర పాసు తీసుకుని ఊరు చేరేసరికి ఒక పూట పట్టింది. తమ్ముడికి ఆ దారి కూడా లేదు. రైళ్లు లేవు. ఫోను చేసి ఒకటే అడిగాడు.

"మొఖం సూసుడు ఎట్లాగు లేదు. అమ్మ ఏడ్సేదన్న ఇనిపియ్యి అక్కా."

వీడియో కాల్ నిలవలేదు. అందుకని వాయిస్ మెసేజ్ గుర్తు నొక్కి, ఫోనును కండెల బుట్ట మీద పెట్టాను. రాగలిగినవాళ్లు ఏడుగురో ఎనిమిదిమందో, మూతులకు గుడ్డలు కట్టుకుని దూరం దూరంగా కూర్చున్నారు. అమ్మ ఒక్కతే నాయిన పక్కన కూర్చుంది.

భార్య భర్త పేరు పలకదు కాబట్టి ఆ పదకొండు నిమిషాల్లో నాయిన పేరు ఎక్కడా లేదు. "ఓ నా పిల్లల నాయినా" అనే పిలిచింది. మొదట వాకిట్లో చెప్పుల గురించి చెప్పింది: "నీ చెప్పులు వాకిట్లనే ఉన్నయి, ఏం తొడుక్కోని పోతివి." కొడుకు రాలేదని చెప్పింది. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, అది కోయాలో నేయాలో చెప్పకుండా పోయావంది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. "దవాఖానకు లే అంటె లేవకపోతివి గద. మొండి మనిషివి. నీ మొండితనం కట్టెల దాక తెచ్చుకుంటివి గద. నేను చెప్పిన మాట ఏనాడన్న ఇన్నవా, ఇంటె ఇయ్యాల లేస్తువు గద." అలా నాలుగు నిమిషాలు తిట్టింది. పెళ్లయిన కొత్తలో తనను పుట్టింటికి పంపని సంగతి కూడా అందులోనే వచ్చింది. చివర గొంతు తగ్గించి, "నలుగురు మోసేటోళ్లు దొరకరని నీకు ముందుగాలనే తెల్సు. గందుకేనా ముద్ద ముట్టక తేలికైపోతివి" అంది. నేను అక్కడ ఆపేశాను. తమ్ముడికి పంపాను. మరునాడు వాడి దగ్గర నుంచి "ఇన్న" అని ఒక్క మాట వచ్చింది.

రెండేళ్లకు అమ్మ పోయింది. ఈసారి తమ్ముడు వచ్చి చివరి చూపు అందుకున్నాడు. అమ్మ దగ్గర కూర్చుని మాటలతో ఏడవాల్సిన దాన్ని నేను. కూతురిని. కూర్చున్నాను గాని ఒక్క వాక్యం రాలేదు. చదివిన పుస్తకాలన్నిటిలో అక్కడ పనికివచ్చేది ఒక్కటీ దొరకలేదు. పక్కింటి పెద్దమ్మ కాసేపు ఏడ్చింది. ఆమె అమ్మకంటే పెద్దది, ఊపిరి నిలవక ఆపేసింది. ఆ తర్వాత ఇల్లంతా మాట లేని ఏడుపే.

పదకొండో రోజు దినాలు. ఇప్పుడు మా ఊళ్లలో దినాలంటే వాకిట్లో పెద్ద తెర పెట్టి, పోయినవాళ్ల ఫొటోలు ఒకదాని వెనుక ఒకటి వేస్తారు. మండల కేంద్రంలో ఫొటో స్టూడియో నడిపే అతను వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. "అమ్మ గొంతు ఏమన్న ఉన్నదా అక్కా? ఉంటె రెండు నిమిషాలు కలుపుత, మంచిగుంటది" అన్నాడు. ఉన్నది ఆ ఏడుపే. అమ్మ కోసం ఎవరూ మాటలతో ఏడవలేదన్న బాధ నాలో ఉంది. ఆమె ఏడుపే ఆమెకు వినిపిద్దాం అనుకున్నాను. మొత్తం పదకొండు నిమిషాలూ అతని ఫోనుకు పంపాను.

తెర మీద అమ్మ ఫొటో, దాని కింద అమ్మ గొంతు. జనం కదిలిపోయారు. పెద్దమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "గిదేం పని బిడ్డా. మొగనికి ఏడ్సిన ఏడ్పు తెచ్చి ఆమెకే పెట్టినవా" అంది. అని తనూ ఏడ్చింది. తప్పు చేశానని అప్పుడే తెలిసింది. ఎంత తప్పో తెలియలేదు.

ఆ మరుసటి ఏడు నాతో పనిచేసే ఒకామె మామగారు పోతే జడ్చర్ల వెళ్లాను. హైవే పక్క కాలనీ. శవయాత్ర ముందు ఒక చిన్న ట్రాలీ ఆటో, దాని మీద నా ఎత్తు స్పీకర్లు. డప్పు, కీబోర్డు, వాటి మధ్య ఒక ఆడమనిషి గొంతు: "నీ చెప్పులు వాకిట్లనే ఉన్నయి." మొదట పోల్చుకోలేదు. గొంతు సన్నగా, వేగంగా ఉంది. "ఓ నా పిల్లల నాయినా" దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. వెనక వస్తున్నవాళ్లు నన్ను తప్పించుకుని ముందుకు పోయారు. ఎవరో తెలియని పెద్దమనిషిని మోసుకుంటూ అందరూ మా నాయిన కోసం ఏడ్చిన ఏడుపు వెనక నడుస్తున్నారు.

వాళ్లింటికి తిరిగి వచ్చాక మా సహోద్యోగి చెప్పింది. "మా అత్త పొద్దట్నుంచి గుండు రాయి లెక్క కూసున్నది. గా పాట పెట్టినంకనే ఏడ్సింది. ఎవలు పాడిండ్రో గని పుణ్యాత్మురాలు." ఆమెకు నేనేమీ చెప్పలేదు. చావు ఇంట్లో చెప్పే మాట కాదు.

బస్సులో కూర్చుని ఫోనులో వెతికాను. వెంటనే దొరికింది. జానపద పాటల ఛానెల్ ఒకటి దాన్ని పెట్టింది. చెప్పుల మాటే పేరు, అదే పల్లవి. లక్షలమంది విన్నారు. కింద వివరాలు: సాహిత్యం, సేకరణ. సంగీతం, ఎవరో ఒకాయన. గానం దగ్గర పల్లె తల్లి అని ఉంది. అన్ని హక్కులు మావే, అనుమతి లేకుండా వాడితే చర్య తీసుకుంటాం అని చివర.

అయిదు నిమిషాల పాట. మూడుసార్లు విన్నాను. తిట్లు మొత్తం తీసేశారు. కొడుకు రాలేదన్నది ఉంచారు, అది రెండుసార్లు వేశారు. పుట్టింటి సంగతి లేదు, దవాఖాన లేదు. ఒకచోట మాత్రం కోత సరిగ్గా పడలేదు. డప్పు మొదలయ్యే ముందు "మొం" అన్న ముక్క ఒకటి మిగిలిపోయింది. మొండి మనిషివి అన్న మాటలో మొదటి ముక్క. కంపెనీ అమ్మ నోరు మూయగా మిగిలింది ఆ ముక్క.

ఆదివారం స్టూడియోకు పోయాను. అతను ఒకామెకు పాస్‌పోర్టు ఫొటో తీస్తున్నాడు. నన్ను చూసి కుర్చీ వేశాడు.

"ఇచ్చింది నువ్వేనా?" అని అడిగాను.

"నేనే ఇచ్చిన అక్కా. దాసేదేమున్నది. ఛానెలాయన మా దోస్తు. దినాల నాడు జనం ఎట్ల ఏడ్సిండ్రో కండ్లార సూసిన. గింత మంచి గొంతు ఒక్క ఊరికేనా అనుకున్న."

"నన్ను అడిగినవా?"

"ఏమని అడగాలె? అది ఏడ్పు. జానపదం. జానపదం ఎవ్వల సొత్తు గాదు."

"ఎవ్వల సొత్తు గాకపోతే అన్ని హక్కులు మావే అని ఎట్ల రాసుకున్నరు?"

"అది మ్యూజిక్కుకు రాసిండ్రు."

"తిట్లెందుకు తీసిండ్రు?"

"సచ్చినోన్ని తిడితె ఎవలు ఇంటరు అక్కా. ఫీల్ పోతది." కెమెరా బల్ల మీద పెట్టి నవ్వాడు. "అయినా నువ్వు గూడ అడుగుతున్నవా? లైబ్రరీల పుస్తకాలన్ని ఎదురుంగ జిరాక్సు దుకానంల కొట్టిపిస్తవు గద. మా బామ్మర్ది గ్రూప్స్‌కు నీ కాడనే సదివిండు. మొత్తం బుక్కే జిరాక్సు తెచ్చుకుండు. గప్పుడు రాసినాయనను అడిగినవా?"

ఫొటో కోసం కూర్చున్నామె మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. అతను చెప్పింది నిజం. తెలంగాణ వచ్చాక ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా మా గ్రంథాలయంలో కుర్చీలు చాలేవి కావు. ఒక్కో పుస్తకం ఒక్కటే ఉండేది, నలభైమంది దాని కోసం కూర్చునేవాళ్లు. ఎదురుగా ఉన్న దుకాణానికి తీసుకుపొమ్మని ఇచ్చేదాన్ని. ఈ పుస్తకంలో ఏ భాగాన్నీ నకలు చేయరాదని మొదటి పేజీ వెనక రాసి ఉండడం నాకు తెలుసు. ఆ పేజీ కూడా జిరాక్సులో వచ్చేది.

"అడగలేదు" అన్నాను. "అది నా తప్పే. గాని మీ బామ్మర్ది ఆ పుస్తకం మీద తన పేరు వేసుకోలే. రాసినాయన ఇంటికి పోయి, నీ పుస్తకం నువ్వు చదవొద్దు అనలే."

"ఇప్పుడు నిన్ను ఎవలన్నరు ఇనొద్దని?"

అప్పటికి ఎవరూ అనలేదు. నాలుగు రోజుల తర్వాత అన్నారు.

మొత్తం రికార్డును నేనే అదే వీడియోల సైటులో పెట్టాను. పదకొండు నిమిషాలు, డప్పు లేకుండా, తిట్లతో సహా. తెర మీద నల్ల రంగు తప్ప ఏమీ లేదు. పేరు దగ్గర అమ్మ పేరు రాశాను. కాసేపటికే ఒక సందేశం వచ్చింది. మీ వీడియోలో వేరొకరి సొత్తు ఉంది, దాన్ని ఎవరూ చూడకుండా ఆపాం. సొంతదారు ఎవరంటే ఆ ఛానెల్ వెనక ఉన్న కంపెనీ. మనిషి ఎవరూ విని చెప్పింది కాదు. ముందు చేరిన గొంతును యంత్రం గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత వచ్చిన గొంతు దానికి కలిస్తే దొంగ అంటుంది. అమ్మ గొంతు దొంగిలించినదాన్ని నేనయ్యాను.

అభ్యంతరం చెప్పే ఫారం ఉంది. నింపాను. ఆ ఫారం ఎవరి దగ్గరికి పోతుందో తర్వాత తెలిసింది. హక్కు మాదన్న కంపెనీకే పోతుంది. చూసి, ఒప్పుకోవాలో వద్దో వాళ్లే చెబుతారు. వాళ్లు ఒప్పుకోలేదు.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. బస్సులో చిల్లర ఇవ్వకపోయినా ఊరుకుంటాను. దీన్ని మాత్రం వదలలేకపోయాను. నల్లగొండ కోర్టులో ఒక వకీలు ఉంది. మా గ్రంథాలయంలోనే చదువుకుని న్యాయవాది అయిన అమ్మాయి. ఆమె దగ్గరికి పోయాను. చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని అంతా విన్నది.

"మాటలు అమ్మవి అయితే వాటి మీద హక్కు అమ్మది. ఆమె పోయినంక అరవై ఏండ్ల దాక మీ ఇద్దరిది, నీది, తమ్మునిది. రికార్డు చేసింది నువ్వు కాబట్టి రికార్డు నీది. స్టూడియో ఆయనకు దినాలల్ల పెట్టుకునేటందుకు ఇచ్చినవు. అమ్ముకోమని ఇయ్యలే. అంతవరకు సాఫ్."

"మరి ఆ సైటోళ్లది తప్పు లేదా?"

"వాళ్లు ఇల్లు కిరాయికి ఇచ్చినోళ్ల లెక్క మేడం. లోపల దొంగ సొమ్ము ఉన్నదని తెల్వనంత సేపు వాళ్ల మీదికి రాదు. తెలిసినంక గూడ ఊకుంటె వస్తది. గందుకని ముందుగాల తెలిసేటట్టు చెయ్యాలె. రాతపూర్వకంగ, సంతకం పెట్టి. అబద్ధం రాస్తె మాత్రం కేసు నీ మీదికి తిరుగుతది."

"రాస్త."

"ఆగు. ఒకటి చెప్పు. గా మాటలన్ని అమ్మవేనా? ఊరందరు అనేటివి గూడ ఉంటయి గదా. అవి తీసేసి చెప్పు."

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది పెద్దమ్మే. ఊరికి పోయి, ఆమె అరుగు మీద కూర్చుని, ఫోను మధ్యలో పెట్టి, ఒక్కో మాట ఆపి నోటుబుక్కులో రాసుకున్నాను. పెద్దమ్మ చిటికి కడుతూనే వింటోంది.

"ఇది అందరనేదే. రాసుకోకు." కాసేపటికి, "ఇది గూడ అందరిదే." సగం చీర మాట దగ్గర, "అది మీ అమ్మదే." తిట్ల దగ్గర పని ఆపింది. "ఇవి రాసుకో. మొత్తం రాసుకో. మొగన్ని గిట్ల తిట్టుకుంట ఏడ్సింది మీ అమ్మ ఒక్కతే. మాకు నోరు రాలే." తేలికైపోయావన్న మాట మళ్లీ ఒకసారి పెట్టించుకుని విన్నది. "అది ఎవ్వలది గాదు. గా దినాలు అట్లాంటివి. అప్పుడే పుట్టింది" అంది.

మళ్లీ మొదటికి వచ్చి చెప్పుల మాట పెట్టాను.

"ఇది నాది" అంది పెద్దమ్మ.

"నీదా?"

"నాదే. మా అత్త సచ్చిన్నాడు నేనన్న. మీ అమ్మ నా పక్కపొంటే కూసున్నది. నా కాన్నించే ఎత్కపోయింది. దాన్ని పట్టుకొని ఎన్ని ఇండ్లల్ల ఏడ్సిందో."

"నువ్వేమనలేదా?"

"అనకేం. ఒకనాడు అడిగిన, నా చెప్పులు నాకియ్యవే అని. నవ్వింది. నీకు అవుసరమున్నప్పుడు నా మాట ఒకటి తీస్కోవే అన్నది. తీస్కున్న గూడ."

"ఏ మాట?"

"చెప్పను. పోయి మీ వకీలుకు చెప్తవు."

ఇద్దరం నవ్వాం. ఈ మాట నేను పెట్టుకోవచ్చా అని అడిగాను, పల్లవి అదే కాబట్టి. ఆమెకు అది వింతగా తోచింది.

"మీ అమ్మ నా ఎదురుంగ అన్నది. నా మొఖం సూస్కుంట అన్నది. మా ఇంట్ల పీనుగ లేస్తె ఆమె వచ్చింది, మీ ఇంట్ల లేస్తె నేనొచ్చిన. గట్ల తీస్కుంటం, గట్ల ఇస్తం. గా ఛానెలోడెవ్వడు? మన వాకిట్లకు ఏనాడన్న వచ్చి కూసున్నడా?"

వకీలు అరగంట చెప్పిన దానికంటే ఇది నాకు బాగా అర్థమైంది. మాటలు తీసుకోవడం మా వాళ్లకు తప్పు కాదు. వచ్చి కూర్చోకుండా తీసుకోవడం తప్పు. తీసుకుని, తీసుకున్న ఇంటికే తాళం వెయ్యడం ఇంకా పెద్ద తప్పు. నోటుబుక్కులో చెప్పుల మాట పక్కన పెద్దమ్మ పేరు రాశాను.

ఇక తమ్ముడు. వాడు కూడా వారసుడే, వాడి ఒప్పుదల కావాలి. నా రికార్డు ముందుదని చూపడానికి ఆ రోజు తారీఖుతో మెసేజ్ వాడి ఫోనులో కూడా ఉండాలి. ఫోను చేస్తే వెనక మగ్గాల మోత వినిపించింది. బయటికి వచ్చి మాట్లాడాడు.

"ఇడ్సిపెట్టరాదు అక్కా. పైసల కోసం అనుకుంటరు."

"అనుకోనియ్యి."

"నీకెరుక లేదు. ఇక్కడ గూడ ఇంటున్నరు దాన్ని. మా కార్ఖానల మనోళ్లందరి ఫోన్లల్ల ఉన్నది. గది మా అమ్మ అని నేనెవ్వలకు చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

మగ్గాల మోత వినబడనంత దూరం నడిచాడు. తర్వాత చెప్పాడు. "చెప్తె, గా రాని కొడుకు నువ్వేనా అంటరు."

రెండుసార్లు వేసిన మాట అదే. అమ్మ దాన్ని ఒక్కసారి అంది. అని వెంటనే, "బాట బందాయె, రైలు బందాయె, వాడేం జేస్తడు" అంది. ఆ రెండో మాట కోసేశారు. తమ్ముడికి అది గుర్తు చేశాను. వాడు దాన్ని మరిచిపోయాడు. మెసేజ్ వచ్చిన రోజు ఒక్కసారి విన్నాడట, మళ్లీ వినే ధైర్యం చెయ్యలేదు. ఛానెల్ వాళ్ల పాటే నాలుగు దిక్కుల నుంచి చెవిన పడి, అమ్మ తనను అంతే అని పోయిందని నమ్ముతున్నాడు.

"ఇప్పుడే ఇను. మొత్తం ఇను. ఇన్నంక చెప్పు" అన్నాను.

మరునాడు తారీఖు కనబడేలా ఆ మెసేజ్ ఫొటో తీసి పంపాడు. తెల్ల కాగితం మీద తనకు సమ్మతమే అని రాసి, సంతకం పెట్టి, అది కూడా పంపాడు. అక్షరాలు పెద్దగా, బడిలో రాసినట్టు ఉన్నాయి.

నేను మళ్లీ అప్పీలు పెట్టాను. ఈసారి కంపెనీ ఒప్పుకోకపోతే నా ఖాతా మీద మచ్చ పడుతుందని, నేను రాసింది తప్పయితే చట్టప్రకారం బాధ్యత నాదేనని ఫారంలో ఉంది. సొంత పేరు, ఇంటి చిరునామా ఇవ్వాలి, అవి అవతలివాళ్లకు పంపుతారు. అన్నీ ఇచ్చాను. దాంతోపాటు వాళ్ల పాట తీసెయ్యమని సైటుకు వేరే ఫిర్యాదు రాశాను. అందులో కోత పడిన చోట్లన్నీ నిమిషాలు, సెకన్లతో సహా చూపించాను. "మొం" దగ్గర ఆపి వినమని రాశాను.

రెండు రోజులకు ఛానెలాయన ఫోను చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మేడం, మీరు దీన్ని పెద్దగ చేస్తున్నరు. అమ్మ ఫొటో వేస్తం. పేరు వేస్తం. సహకారం అని కింద మీ పేరు గూడ వేస్తం. సరేనా?"

"తిట్లు పెడతరా?"

"ఏం తిట్లు?"

"మా అమ్మ మా నాయినను తిట్టింది. నాలుగు నిమిషాలు."

"అవి పెడితే ఎవలు సూస్తరు మేడం?"

"మరి అవి లేకపోతే అది మా అమ్మది గాదు. ఆమె పేరెందుకు వేస్తరు?"

"జర ఆలోచించండి. వేలమంది దినాలల్ల పెట్టుకుంటున్నరు. వాళ్ల నోటికాడిది గుంజుకుంటరా?"

"వాళ్లు పెట్టుకోనీ. నేను వాళ్లనేం అంటలేను. మీరు హక్కు మాదే అన్న మాట తియ్యండి."

"అది తియ్యం. అవసరమైతే మీ మీదనే కేసు వేస్తం."

"వెయ్యండి. నా అడ్రసు ఫారంల ఉన్నది. ఉదయం పది నుంచి లైబ్రరీలనే ఉంట."

ఫోను పెట్టేశాను. భయం కొంత ఉంది, అబద్ధం చెప్పను. ఓడిపోతే అమ్మ గొంతు నేను ఎక్కడా పెట్టుకోలేను. అమ్మ అంటే వాళ్ల అయిదు నిమిషాలే మిగులుతుంది, మా తమ్ముడికి కూడా. అప్పీలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కంపెనీ కేసు వెయ్యలేదు. వెయ్యాలంటే సంతకం పెట్టి, ఇది మాదే అని వాళ్లు కూడా రాయాలి. సైటు వాళ్లకిచ్చిన గడువు గడిచింది. ఒక పొద్దున గ్రంథాలయం తలుపులు తీసి పేపర్లు సర్దుతుండగా సందేశం వచ్చింది. మీ వీడియో మీద హక్కు కోరినవాళ్లు దాన్ని వదులుకున్నారు. మరో వారానికి వాళ్ల పాట కూడా పోయింది. నొక్కితే, ఫిర్యాదు వల్ల తొలగించామని బూడిద రంగు తెర వచ్చింది. పేపర్ల కోసం వచ్చిన ముసలాయన ఏమైందమ్మా అని అడిగాడు. ఏం లేదన్నాను.

ఇప్పుడు పదకొండు నిమిషాలూ అక్కడ ఉన్నాయి. కింద మూడు మాటలు రాశాను. ఇది ఒక నేత ఇంటి ఆడమనిషి తన భర్త శవం దగ్గర ఏడ్చినది. చెప్పుల మాట మా పెద్దమ్మది, ఆమెను అడిగి పెట్టాను. చావు జరిగిన ఇంట్లో ఎవరైనా పెట్టుకుని వినవచ్చు, ఎవరూ కొయ్యకూడదు, ఎవరూ అమ్మకూడదు.

దీన్ని వినేవాళ్లు తక్కువ. దీనికి డప్పు లేదు. ఆ నాలుగు నిమిషాల తిట్ల దగ్గర చాలామంది ఆపేస్తారని ఆ సైటే లెక్క చూపిస్తుంది. ఆపెయ్యనీ. కాపీలు మాత్రం ఆగలేదు. గొంతు కొంచెం లావు చేసి ఒకరు, వేగం తగ్గించి ఒకరు, వేరే పేరు పెట్టి ఇంకొకరు పెడుతూనే ఉన్నారు. కనబడిన ప్రతిదాని మీదా ఫిర్యాదు రాస్తున్నాను. ఒకటి తీసేస్తే రెండు వస్తాయని, ఎన్నని రాస్తావని వకీలు అంది. వచ్చినన్ని రాస్తాను అన్నాను. పోయినవాళ్ల కోసం చెయ్యడానికి నాకు ఇంకే పనీ చేతకాలేదు. ఇది చేతనవుతుంది.

జిరాక్సు సంగతి కూడా చెప్పాలి. పుస్తకాలు ఇప్పటికీ ఇస్తున్నాను. ఒక పుస్తకానికి నలభైమంది ఉన్నంతకాలం ఇస్తాను. ఎవరైనా వచ్చి నన్ను నిలదీస్తే, ఇచ్చింది నేనే అని సంతకం పెడతాను. స్టూడియో అతనికి అదే చెప్పాను. "గట్లయితె నేను గూడ సంతకం పెడుదునా?" అన్నాడు నవ్వుతూ. పెట్టమన్నాను. ఇంకా పెట్టలేదు.

పోయిన నెల దేవరకొండ అవతల ఒక పల్లె నుంచి ఒకామె ఫోను చేసింది. నా నంబరు ఎవరిచ్చారో చెప్పలేదు. ఆమె భర్త పోయి తొమ్మిది రోజులు.

"అమ్మా, గా ఏడ్పు నీ కాడ మొత్తం ఉన్నదంట గదా. తిట్లతోని."

"ఉన్నది."

"నాకు తిట్లున్నదే గావాలె. మా ఆయన గూడ దవాఖానకు పోలే. ఎంత మొత్తుకున్నా పోలే. అందరు నన్ను ఏడ్వమంటున్నరు. నాకు ఏడ్పొస్తలేదు, కోపమొస్తున్నది."

ఫోనులోనే పంపాను. వాళ్ల ఊరెక్కడో, ఏ బస్సులో రావాలో అడిగాను. పదకొండో రోజు సెలవు పెట్టి పోయి వాళ్ల వాకిట్లో కూర్చున్నాను. తిట్లు వచ్చినప్పుడు ఎవరూ ఆపలేదు. ఆమె మాత్రం తలెత్తి, అమ్మ మాటకు తన మాట కలిపి, మొగుణ్ని తిట్టడం మొదలుపెట్టింది. ఎవరో ఫోను పైకెత్తి రికార్డు చేయబోతే, ఆమెను అడిగి చెయ్యమన్నాను. ఆయన ఫోను దించేశాడు.

తిరిగి వచ్చి ఆ వారం కనబడిన కొత్త కాపీ మీద ఫిర్యాదు రాశాను. అది ఏడోది.